కత్తిరించుకోమనే అచ్చువేసిన బొమ్మలు: కాగితపు కళలో పాత శరీర చిత్రాలు

1543లో బాసెల్ నగరంలో ఆండ్రియాస్ వెసాలియస్ తన శరీర నిర్మాణ గ్రంథాన్ని అచ్చువేయించినప్పుడు, దానితోపాటే విద్యార్థుల కోసం ఒక సంక్షిప్త గ్రంథాన్ని కూడా వెలువరించాడు. ఆ చిన్న గ్రంథం చివరి పేజీల్లో అవయవాల బొమ్మలు విడివిడిగా అచ్చయి ఉంటాయి. వాటిని కత్తిరించి, వెనుక పార్చ్‌మెంటు అంటించి గట్టిపరచి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ మనిషి దేహాన్ని కాగితంతో కట్టుకోమని ఆయనే పాఠకులకు సూచించాడు. పాత శరీర చిత్రాలతో కొలాజ్‌లు, అంటే ముక్కలు కత్తిరించి అంటించి కూర్చే చిత్రాలు, చేస్తానని చెప్పినప్పుడు, శాస్త్రగ్రంథాల్లోని బొమ్మలను ఇలా ముక్కలు చేయడం తగునా అని కొందరు నొచ్చుకుంటారు. వారికి నేను మొదట చెప్పేది ఈ పేజీల గురించే. ఆధునిక శరీర శాస్త్రానికి పునాది వేసిన మనిషే పాఠకుడి చేతికి కత్తెర, జిగురు ఇచ్చాడు.

ఈ పద్ధతి వెసాలియస్‌తో మొదలైంది కూడా కాదు. అంతకు ఐదేళ్ల ముందే, 1538లో, స్ట్రాస్‌బర్గ్‌లో హైన్రిక్ ఫోగ్టెర్ అచ్చువేసిన విడి కాగితాల్లో మనిషి బొమ్మ మొండెం మీద కాగితపు మూతలు పొరలుగా అంటించి ఉండేవి. ఒక్కో మూత ఎత్తుతుంటే కింద ఒక్కో అవయవం కనిపించేది. 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో యోహాన్ రెమెలిన్ అనే జర్మన్ వైద్యుడు ఈ ఏర్పాటును చాలా దూరం తీసుకువెళ్లి, పెద్ద పలకల (నిండు పేజీ అచ్చు బొమ్మల) మీద ఎన్నో పొరలు అమర్చాడు. చూసేవారి వేలు కదిలితే తప్ప పూర్తికాని బొమ్మలివి. కాగితపు పనిలో శరీర చిత్రాలు ఇంత చక్కగా ఇమిడిపోవడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చర్మం కింద కండరం, కండరం కింద ఎముక, ఎముక వెనుక ఊపిరితిత్తి అన్న వరుస ఎలాంటిదో, కాగితం మీద కాగితం వేసుకుంటూ పోయే మన పని కూడా అలాంటిదే.

అయితే పాత పుస్తకాన్ని మాత్రం కోయకండి. ఈ విషయంలో నాకు సడలింపు లేదు. శరీర చిత్రం మీద కనిపించే చిన్న చిన్న అక్షరాలన్నీ పక్క పేజీలోని వివరణకు ముడిపడి ఉంటాయి. పలకను పుస్తకం నుంచి వేరుచేస్తే బొమ్మ మూగదవుతుంది, పుస్తకం కుంటిదవుతుంది. పుస్తకాలను విప్పేసి బొమ్మలను విడివిడిగా అమ్ముకునేవారి వల్ల ఇప్పటికే ఎన్నో ప్రతులు అలా చెడిపోయాయి. పనితనం దృష్టితో చూసినా అసలు కాగితం మనకు అంత మంచి సరుకు కాదు. 19వ శతాబ్దం మధ్య వరకు కాగితాన్ని ఎక్కువగా గుడ్డపీలికల గుజ్జుతో చేశారు కనుక అది గట్టిగానే నిలుస్తుంది. ఆ తరువాత వాడుకలోకి వచ్చిన చెక్కగుజ్జు కాగితంలో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, పటిక కలిపిన పూత వల్ల ఆమ్లం ఉంటుంది. అటువంటి కాగితం ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి, మడత పెట్టగానే విరిగిపోతుంది, తనను ఆనుకున్న మంచి కాగితానికి కూడా ఆ మరకను అంటిస్తుంది. చేతిరంగులు వేసిన పలకలైతే జిగురులోని తడి తగలగానే రంగు కదిలిపోవచ్చు.

స్కాన్ చేసిన ప్రతులకు ఇప్పుడు కొరత లేదు. లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివి ఈ గ్రంథాల పలకలను పెద్ద పరిమాణంలో అందుబాటులో ఉంచాయి. జంతువుల శరీర చిత్రాలు కావాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ గొప్ప గని. 16 నుంచి 18వ శతాబ్దాల నాటి బొమ్మలకు కాపీరైటు సమస్య ఉండదు. అయినా ప్రతి చిత్రం కింద ఆ సంస్థ రాసిన హక్కుల వాక్యాన్ని చదివి తీరాలి, ఎందుకంటే ఒకే సంస్థలో ఒక చిత్రానికి ఒక షరతు, మరో చిత్రానికి ఇంకో షరతు ఉండవచ్చు. 20వ శతాబ్దపు అట్లాసుల (శరీర చిత్రాల సంపుటాల) విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

బొమ్మ దొరికాక కత్తెర తీసే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గీత ఎలా పుట్టింది? చాలామంది కొలాజ్ చేసేవారు బొమ్మలో ఏముందో చూస్తారు గాని, అది ఏ పద్ధతిలో అచ్చయిందో చూడరు. నా అనుభవంలో పనిలో సగం నిర్ణయాలు ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే ఆధారపడతాయి. వెసాలియస్ బొమ్మలు చెక్క దిమ్మెల మీద చెక్కినవి. వెనిస్‌లో చెక్కిన ఆ దిమ్మెలను ఆల్ప్స్ పర్వతాలు దాటించి బాసెల్‌కు చేర్చారు; నాలుగు శతాబ్దాల దాకా మిగిలి ఉన్న వాటిని రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ మీద కురిసిన బాంబులు కాల్చివేశాయి. చెక్కముద్రణలో గీత మందంగా, తెగువగా ఉంటుంది. అందువల్ల ఈ బొమ్మను రెండింతలు, మూడింతలు పెంచినా చెక్కుచెదరదు, అంగుళం వెడల్పుకు కుదించినా చదవగలుగుతాం. గ్రీటింగ్ కార్డుకైనా గోడకు వేలాడదీసే పెద్ద పనికైనా ఇవి ఒదుగుతాయి.

రాగిరేకు మీద చెక్కిన బొమ్మలు వేరు. 1747లో లైడెన్‌లో బెర్నార్డ్ సీగ్‌ఫ్రీడ్ ఆల్బినస్ వెలువరించిన అస్థిపంజరాల, కండరాల పలకలను యాన్ వాండెలార్ గీసి చెక్కాడు. కొలతలు తప్పకుండా ఉండేందుకు అస్థిపంజరం ముందు దారాలతో అల్లిన గళ్ల చట్రాన్ని నిలబెట్టి, ఆ గళ్ల గుండా చూస్తూ గీసిన బొమ్మలవి. ఆ చిత్రాల్లో నీడంతా వెంట్రుకవాసి గీతలతో కూడి ఉంటుంది. ఒక గీత ఉబ్బి, సన్నబడి, ఎముక గుండ్రదనాన్ని చూపిస్తుంది. వీటిని బాగా కుదిస్తే ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిదరంగు మచ్చగా మారతాయి. అందుకే రాగిరేకు చిత్రాన్ని నేను అసలు కొలతకు దగ్గరగానో, అంతకంటే పెద్దగానో తప్ప వాడను; మొత్తం బొమ్మ పట్టకపోతే కుదించడానికి బదులు మోకాలో, దవడో, ముంజేయో తీసుకుంటాను.

1858లో వెలువడిన హెన్రీ గ్రే శరీర నిర్మాణ గ్రంథంలోని 363 బొమ్మలు మళ్లీ చెక్కవే. కాని పాత చెక్కముద్రణకూ వీటికీ చాలా తేడా ఉంది. గట్టి చెక్కను అడ్డకోత కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నని ఉలితో చెక్కారు గనుక వీటి గీత నాజూకుగా ఉంటుంది. బొమ్మలు గీసినవాడు హెన్రీ వాండైక్ కార్టర్. ఆయన ఆ తరువాత బొంబాయిలోని గ్రాంట్ వైద్య కళాశాలలో పనిచేసి, కుష్ఠువ్యాధి మీద పరిశోధన చేశాడు. కార్టర్ బొమ్మల ప్రత్యేకత ఏమిటంటే కండరం పేరు కండరం మీదనే, దాని వంపును అనుసరించి, రాసి ఉంటుంది. కాగితపు పనిలో ఇది వరం. కత్తిరించినా పేరు అవయవంతోనే వస్తుంది, పక్కన వేలాడే గీతలూ అంకెలూ చాలావరకు ఉండవు. చదవదగిన అక్షరాలు బొమ్మలోనే ఉన్న కొలాజ్ చేయాలనుకుంటే మొదట ఇవే చూడమంటాను.

శిలాముద్రణ, అంటే లిథోగ్రఫీ, వచ్చాక బొమ్మ పెన్సిలు గీతంత మెత్తబడింది. 1831 నుంచి 1854 దాకా సాగిన ఝాఁ బతీస్త్ మార్క్ బుర్జెరీ, నికోలా ఆఁరీ ఝకోబ్‌ల మహాగ్రంథంలో 700కు పైగా పలకలున్నాయి. రంగులద్దిన ప్రతుల్లో ధమని ఎరుపు, సిర నీలం ఇప్పటికీ కళకళలాడుతూ కనిపిస్తాయి. ఇంత అందమైన బొమ్మలు అరుదు. కాని చుట్టూ నీడ కాగితంలోకి కరిగిపోయే చోట్ల వీటి అంచు కత్తిరించడం కష్టం, ఎక్కడ కోయాలో గీత చెప్పదు. 18వ శతాబ్దంలో ఝాక్ గోతియే దాగోతీ రంగుల మెజోటింట్ (గీతలకు బదులు మెత్తని నీడలతో బొమ్మ తేలే రాగిరేకు ముద్రణ) పద్ధతిలో అచ్చువేసిన బొమ్మలకూ ఇదే లక్షణం ఉంది. అటువంటి వాటిని కత్తిరించకుండా నేపథ్యంగా పరిచి, వాటి మీద గట్టి గీతల చెక్కముద్రణ ముక్కలు అంటిస్తే రెండూ నిలుస్తాయి.

పాత చిత్రకారులు మనకు ఇచ్చిన మరో కానుక నేపథ్యం. వెసాలియస్ కండరాల మనుషులు కొండలు, శిథిలాలు, చెట్లు ఉన్న నేల మీద నిలబడి ఉంటారు. ఆ పలకల్లో కొన్నింటిని వరుసగా పక్కపక్కన పెడితే వెనుక ఉన్న భూదృశ్యం ఒక పలక నుంచి ఇంకో పలకకు కొనసాగుతుంది. మడతల పుస్తకం కట్టేవారికి ఇంతకంటే ఏం కావాలి? పొడవాటి కాగితాన్ని విసనకర్ర మడతలుగా మడిచి, ఒక్కో ముఖం మీద ఒక్కో మనిషిని నిలబెడితే, విప్పినప్పుడు కొండలు కలుస్తాయి, మూసినప్పుడు ఒక్క మనిషే మిగులుతాడు. వాండెలార్ అయితే రెండు పలకల్లో మనిషి వెనుక ఖడ్గమృగాన్ని నిలబెట్టాడు. భారతదేశం నుంచి నెదర్లాండ్స్‌కు తెచ్చిన క్లారా అనే ఖడ్గమృగం అది. శాస్త్రం కోసం గీసిన అస్థిపంజరం పక్కన గడ్డి మేసే జంతువును పెట్టిన ఆ చేయి కొలాజ్ చేసే చేయి కాదని ఎలా అనగలం? వెనుక ఉన్న ఆ ముదురు రంగు వల్లనే తెల్లని పక్కటెముకలు ముందుకు వస్తాయన్నది కూడా గమనించదగ్గది. ఎముకను తెల్ల కాగితం మీద అంటిస్తే పేలవంగా ఉంటుంది. ముదురు నీలం మీదనో, పాత పటం మీదనో అంటిస్తే అదే ఎముక ఉబ్బెత్తుగా లేస్తుంది.

పక్కటెముకల మధ్య పూలగుత్తి పెట్టడం, పుర్రె కళ్లలో గులాబీలు పెట్టడం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అందులో తప్పులేదు గాని, ఆ జోడింపు బొమ్మను చూడకుండానే చేయవచ్చు, అదే నా అభ్యంతరం. ఏ పువ్వయినా ఏ ఎముకల గూడులోనైనా పడుతుంది. దానికంటే రూపాన్ని దగ్గరగా చూసి దాని తోడును వెతకడం నాకిష్టం. శ్వాసనాళాలు చీలే తీరు నదీ ముఖద్వారపు పటంలో పాయలు చీలే తీరుతో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది? లోపలి చెవిలోని శంఖాకారపు గొట్టం పక్కన నిజమైన శంఖం బొమ్మ పెడితే చుట్లు ఒకే దిక్కుకు తిరుగుతున్నాయా? భుజం ఎముక అంచు ఏ తీరరేఖకు సరిపోతుంది? ఇలా వెతికినప్పుడు రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి, చూసేవారు అవయవాన్ని మళ్లీ కొత్తగా చూస్తారు.

ఒక చిన్న హెచ్చరిక. కూర్పు కోసం కంప్యూటరులో బొమ్మను కుడిఎడమలుగా తిప్పడం తేలిక, కాని మొండెం బొమ్మను తిప్పితే గుండె మొన కుడివైపుకు, కాలేయం ఎడమవైపుకు వెళతాయి, అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. వైద్యం చదివినవారి కన్ను మొట్టమొదట అక్కడే పడుతుంది. కావాలని చేస్తే సరే, తెలియక చేయకూడదు.

ఇక చేతిపని. ఏ4 కాగితం నిండా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) అచ్చువేయాలంటే బొమ్మ సుమారు 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు ఉండాలి. రాగిరేకు గీతలకు అంతకు రెట్టింపు ఉంటే మేలు. డై ఇంకు (నీటిలో కరిగే రంగు) వాడే ఇంక్‌జెట్ ప్రింట్లు తడి జిగురుకు చెదురుతాయి, పిగ్మెంట్ ఇంకు (కరగని రంగు రేణువులది) నిలుస్తుంది, లేజర్ ప్రింటుకు నీటి భయం లేదు. అయితే లేజర్ టోనరు కాగితం పైపైనే పొరగా ఉంటుంది కాబట్టి, ముదురు నలుపు ఉన్న చోట మడత పెడితే పొట్టులా రాలుతుంది. పాతదనం కోసం టీ నీళ్లలో ముంచడం నాకు నచ్చదు, అందులోని టానిన్ వల్ల కాగితం కాలక్రమంలో చెడుతుంది. ఆమ్లరహితమైన మీగడరంగు కాగితం మీద అచ్చువేస్తే అదే అందం నష్టం లేకుండా వస్తుంది.

పక్కటెముకల గూడును కత్తిరించే క్రమం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనిలో కుదిరిన చేతికి మిగతావన్నీ కుదురుతాయి. ముందుగా బయటి అంచు జోలికి పోకూడదు. చుట్టూ కాగితం ఉన్నంతసేపే బొమ్మకు బిగువు ఉంటుంది, అందువల్ల ఎముకల మధ్యనున్న ఖాళీలను ముందు తీసేయాలి. కొత్త బ్లేడుతో, రొమ్ముఎముకకు దగ్గరగా ఉన్న ఇరుకైన కొసలో మొనను గుచ్చి, అక్కడి నుంచి బయటికి లాగాలి. వెడల్పు చోట మొదలుపెట్టి కొసకు చేరితే బ్లేడు గీత దాటి ఎముకను కోసేస్తుంది. వంపు వచ్చినప్పుడు కత్తిని కాక కింది కాగితాన్ని తిప్పాలి. నల్లగీతకు సరిగ్గా బయటి అంచున కోస్తే గీత మందం మొత్తం మిగులుతుంది, గీత మధ్యలో కోస్తే ఎముక సన్నబడి పేదగా కనిపిస్తుంది. లోపలి ఖాళీలన్నీ అయ్యాక చివరగా బయటి అంచును కత్తెరతో తీయాలి. ఆపైన కోసిన అంచుల్లో మెరిసే తెల్లదనాన్ని మెత్తని పెన్సిలు పక్కభాగంతో తాకిస్తూ పోతే, అంటించాక ముక్క నేపథ్యంలో కలిసిపోతుంది. ఈ తాకింపు చేయని కొలాజ్‌ను గది అవతలి నుంచే గుర్తుపట్టవచ్చు.

సన్నని ముక్కలకు జిగురును ముక్కకు పూయడం కంటే, అంటించే చోట పలచగా పూసి, పట్టకారుతో ముక్కను దించడం మంచిది. మైదా ఉడికించిన జిగురు నెమ్మదిగా ఆరుతుంది కనుక సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది; పీవీఏ అనే తెల్ల జిగురు త్వరగా పట్టేస్తుంది, గట్టిగా పట్టుకుంటుంది. తడిసిన కాగితం పీచుకు (కాగితంలోని నారలు పరుచుకున్న దిశకు) అడ్డంగా సాగి, ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను వంచుతుంది. పెద్ద పనులకు అట్ట వెనుక కూడా అదే మందం కాగితాన్ని, పీచు అదే దిశలో ఉండేలా అంటిస్తే రెండు వైపుల లాగుడూ సరిపోయి అట్ట తిన్నగా నిలుస్తుంది.

ఎత్తి చూసే మూతలు చేసేటప్పుడు మడత కాగితపు పీచు వెంట పడాలి. అడ్డంగా మడిస్తే మడత గరుకుగా విరిగి, కొన్నాళ్లకు చిరుగుతుంది. మూతకు అర అంగుళం అదనపు చెవి (అంటించడానికి మిగిల్చే అంచు) వదిలి, దాన్ని కింది బొమ్మ మీద కాక, కింది బొమ్మకు పెట్టిన సన్నని చీలికలోంచి వెనక్కి పంపి అంటిస్తే అతుకు కనిపించదు. పొరల వరుసను మాత్రం నిజమైన దేహాన్ని అనుసరించే పెట్టమంటాను. రొమ్ముగూడు ఎత్తగానే ఊపిరితిత్తులు, వాటి మధ్య గుండె, దాని వెనుక అన్నవాహిక, ఆ వెనుక వెన్నెముక. వేర్వేరు శతాబ్దాల బొమ్మలను ఒకే దేహంలో కలిపినా ఈ వరుస సరిగ్గా ఉంటే పని నమ్మదగినదిగా ఉంటుంది.

ఈ బొమ్మలతో పనిచేసే ప్రతివారూ ఆలోచించవలసిన మాట ఒకటుంది. ఇవి ఊహించి గీసినవి కావు, ప్రతి పలక వెనుకా ఒక మనిషి ఉన్నాడు. వెసాలియస్ ముందుకు వచ్చిన దేహాల్లో ఉరితీయబడినవారివి ఉన్నాయి. బ్రిటన్‌లో 18వ శతాబ్దం మధ్యలో వచ్చిన చట్టం ప్రకారం హత్యానేరానికి ఉరిపడినవారి శవాలను శవచ్ఛేదానికి ఇచ్చేవారు. 1832 చట్టం తరువాత ఆ భారం బంధువులెవరూ రాని నిరుపేదల మీద పడింది. 1774లో విలియం హంటర్ అనే వైద్యుడు వెలువరించిన గర్భాశయ చిత్రాలను యాన్ వాన్ రిమ్స్‌డైక్ ఎంత ప్రేమగా గీశాడో చూస్తే గుండె బరువెక్కుతుంది, నిండు గర్భంతో చనిపోయిన ఆ తల్లుల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. 1685లో గోవర్ట్ బిడ్లో అనే వైద్యుడి శరీర గ్రంథానికి బొమ్మలు గీసిన గెరార్డ్ డి లైరెస్ శవం మీది గుడ్డను, గుచ్చిన సూదులను, వాలిన ఈగను కూడా వదలకుండా గీశాడు. ఆ ఈగ ముందు నేను ఎప్పుడూ ఆగిపోతాను. చూస్తున్నది రేఖాపటం కాదని అది గుర్తుచేస్తుంది.

దీనివల్ల ఈ బొమ్మలను వాడకూడదని నేను అనను. వాడే తీరు మీద మాత్రం దీని ప్రభావం ఉండాలి. ముఖం స్పష్టంగా కనిపించే పలకలను, హంటర్ గర్భాశయ చిత్రాలను నేను హాస్యానికి గాని, భయపెట్టే అలంకారానికి గాని వాడను. వియన్నాలో ఎడ్వర్డ్ పెర్న్‌కోఫ్ 1937 నుంచి వెలువరించిన అట్లాసును అసలే ముట్టుకోను, దానిలోని ఎన్నో చిత్రాలకు నాజీ పాలనలో మరణశిక్షకు గురైనవారి దేహాలను వాడారు. కొన్ని చిత్రాల మీద చిత్రకారులు సంతకంతోపాటు స్వస్తిక గుర్తును కూడా వేశారు. ఇంటర్నెట్‌లో పేరూ మూలమూ లేకుండా తిరిగే అందమైన రంగుల శరీర చిత్రాల్లో ఇవీ ఉంటాయి. కాబట్టి ఏ గ్రంథం నుంచి వచ్చిందో తేల్చుకోలేని బొమ్మను, ఎంత నచ్చినా, పక్కన పెట్టడమే మంచిది. కానుకగా ఇచ్చే కార్డుల విషయంలో కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. గుండెకు శస్త్రచికిత్స జరిగిన మనిషికి గుండె బొమ్మ ఊరటనివ్వవచ్చు, కలవరపెట్టనూవచ్చు. ఇచ్చేముందు వారి ఇంట్లోవారిని అడగడం మేలు.

పని పూర్తయ్యాక ప్రతి కొలాజ్ వెనుక పెన్సిలుతో ఆధారం రాస్తాను. గ్రంథకర్త పేరు, అచ్చయిన సంవత్సరం, తెలిస్తే బొమ్మ గీసినవారి పేరు, చెక్కినవారి పేరు, పలక సంఖ్య, స్కాన్ ఇచ్చిన గ్రంథాలయం, నేను బొమ్మను పెంచితే ఎంత పెంచానో ఆ వివరం. కార్టర్ వంటి చిత్రకారుల పేర్లు గ్రంథకర్తల పేర్ల చాటున చాలాకాలం మరుగున పడ్డాయి గనుక చిత్రకారుడి పేరునే మొదట రాస్తున్నాను. కొలాజ్ ఎవరి చేతికి వెళ్లినా, ముక్కగా కనిపిస్తున్న ఆ భుజం ఎముక ఏ పూర్తి దేహంలోదో వారు గ్రంథాలయం వెబ్‌సైటులో పలక సంఖ్యతో వెతికి చూసుకోవచ్చు.